దుప్పటి మీద గీతలు

సాల్మన్ గారికి గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతారు, అంతే. ఆ ఉన్నది కాస్త గొప్పగా ఉండటం ఆయన తప్పు కాదు. ఏ వాక్యూమ్ క్లీనర్ సంచీ అయినా సరే, విప్పి లోపలి దుమ్ము చూసి, అది ఎలాంటి ఇంట్లో పనిచేసి వచ్చిందో చెప్పగలరు. ఇంత విద్య చేతిలో పెట్టుకుని నోరు మూసుకు కూర్చోవడం స్వార్థం అవుతుందని ఆయన భయం. అందుకని అడిగినవాళ్ళకీ చెప్పేవారు, అడగనివాళ్ళని ఆపి మరీ చెప్పేవారు.

దోహాలో ఒక హోటల్లో పద్నాలుగేళ్ళు తివాచీలు శుభ్రం చేసి, తిరిగొచ్చి కొత్తపేట పక్కన కాలవ గట్టున ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి ముందుగదిలో ఇప్పుడు ఇరవై మూడు వాక్యూమ్ క్లీనర్లు ఉన్నాయి. అన్నీ నిలబెట్టి తోసే రకమే. నిజానికి కోనసీమలో తివాచీ పరిచిన ఇల్లు వెతికినా దొరకదు. కానీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళినవాళ్ళు అక్కడి మేడమ్ పారేసిన మిషన్ని పారేయలేక కార్గోలో వేసి పంపిస్తారు. అది ఇక్కడికొచ్చి అటకెక్కుతుంది. కొన్నాళ్ళకి అటక దిగి సాల్మన్ గారింటికి చేరుతుంది. ఆయన దానికి బెల్టు మార్చి, మోటారు తుడిచి, దాంట్లో అరిగిపోయే కార్బన్ ముక్కలు కొత్తవి వేసి, చిరిగిన సంచీ కుట్టి, గోడవారగా నిలబెడతారు.

వాటికి పోటీలు కూడా పెట్టేవారు. దోహా నుంచి తెచ్చుకున్న చాపెడు తివాచీ ముక్క మీద గుప్పెడు తవుడు చల్లి, రెండు తోపుల్లో ఏది ఎంత లాగిందో వంటింటి త్రాసులో తూచి, పలక మీద మార్కులు వేసేవారు. ఇల్లు మాత్రం భార్య రేచల్ గారు కొబ్బరి ఈనెల చీపురుతో ఊడ్చేవారు.

"ఇరవై మూడు మంది పనోళ్ళున్నారు ఇంట్లో. ఊడ్చేది నేనొక్కదాన్నే," అనేవారు ఆవిడ.

"వాళ్ళు ఆఫీసర్లే. చీపురు పట్టరు," అనేవారు ఈయన.

అల్పపీడనం పట్టిన రెండో రోజు, మంగళవారం మధ్యాహ్నం, అల్లవరం నుంచి ఒక ఆటో వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో, తడిసిన తల తుడుచుకుంటూ ఒకమ్మాయి దిగింది. పేరు ప్రసన్న. ఆటో నడిపిన భర్త తేజ వెనకాలే పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి లోపల పెట్టి, మళ్ళీ ఆటోలో కూర్చున్నాడు.

"బాబాయి గారండీ, దుమ్ము చూసి చెబుతారంట కదండీ?"

"మీ పిన్నిగారి మనసులో ఏముందో తప్ప అన్నీ చెబుతానమ్మా. కూర్చో."

ఆ అమ్మాయి నవ్వలేదు. పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

"మా అమ్మ ఎలీసమ్మండీ. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి తొమ్మిదేళ్ళండీ. ఫోన్ వచ్చి పద్నాలుగు నెలలైపోయిందండీ. ఏజెంటుని అడిగితే ఇల్లు మారిందంటాడు. ఏ ఇల్లో చెప్పడు. మొన్న శనివారం ఈ కార్గో వచ్చిందండీ. పెట్టె మీద రాత అమ్మదే."

సాల్మన్ గారు పెట్టె విప్పేరు. లోపల ఒక్క వాక్యూమ్ క్లీనర్ ఉంది. దుప్పట్లు లేవు. సబ్బులు లేవు. ఉత్తరం లేదు. పాలపొడి డబ్బా లేని కార్గో పెట్టెని ఆయన అదే మొదటిసారి చూడటం.

"ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టేద్దామంటున్నారండీ మావాళ్ళు. పాస్టర్ గారికి కూడా చెప్పేసేరు. బతికున్న మనిషికి కూడిక పెడితే ఎలాగండీ? పోయిన మనిషికి పెట్టకపోతే అదొక పాపం. మా అమ్మ ఉందో లేదో... మీరు చెప్పండి."

దుమ్ము ఇంటి సంగతి చెబుతుందిగానీ మనిషి సంగతి చెప్పదు. ఆ ఒక్క ముక్క అప్పుడే అనేస్తే సరిపోయేది. కానీ వంటింటి గుమ్మంలోంచి రేచల్ గారు చూస్తున్నారు. ఎదురుగా ఆ పిల్ల చూస్తోంది. సాల్మన్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

నేల మీద పేపరు పరిచి, గుడ్డసంచీ లోపలున్న కాగితం సంచీని తీసి, బ్లేడుతో నిలువునా కోసేరు. సంచీలో అడుగునున్నది పాత దుమ్ము, పైనున్నది కొత్తది. పొరపొరకీ ఇంటి చరిత్ర ఉంటుంది. ఆయన అడుగు నుంచి మొదలుపెట్టేరు.

"ఇసక. పిండిలా ఉంది చూడు. అక్కడి గాలికొచ్చే ఇసకే ఇది. ఇవి ఉన్నిపోగులు, మంచి తివాచీయే. ఇవి పిల్లి బొచ్చు. పెద్ద ఇల్లమ్మా."

మధ్య పొరలో ఏలక్కాయ తొక్కలు, ధూపం వేసిన బొగ్గు నుసి ఉన్నాయి. దాంట్లో చుట్టుకుని ఒక పొడుగాటి వెంట్రుక. సగం నెరిసింది. కొబ్బరినూనె వాసన ఇంకా ఉంది. ప్రసన్న దాన్ని రెండు వేళ్ళతో తీసి, పమిట కొంగులో ముడేసుకుంది.

"అమ్మదేనండీ," అంది.

సాల్మన్ గారు పై పొర కదిపేరు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

పై పొరలో ఇసక లేదు. ఉన్నిపోగు ఒక్కటి లేదు. నల్లటి కార్బన్ పొడి ఉంది. తవుడు ఉంది. రాగితీగ ముక్కలున్నాయి. వాటి మధ్యలో గులాబీరంగు దారం కొసలు... రేచల్ గారు పోయిన వారం నుంచీ దిండు గలేబుల మీద పువ్వులు కుడుతున్న దారం.

ఆయన తల తిప్పి గది చూసుకున్నారు. అది ఈ గది దుమ్ము.

"ఇది ప్లగ్గులో పెట్టేరా మీరు?" గుసగుసగా అడిగేరు.

"లేదండీ. ఆ మూడు బల్లపరుపు పుల్లల ప్లగ్గు మా గోడకి పట్టదండీ. ఏమైందండీ?"

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. ఆ పిల్ల కొంగు ముడిని గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

"పైది కొత్త దుమ్మేనమ్మా. వారం కూడా కాలేదు," అన్నారు సాల్మన్ గారు. అంతవరకూ నిజమే. అక్కడితో ఆగలేదు ఆయన. "మీ అమ్మ బాగుంది. మంచి ఇంట్లో పనిచేస్తోంది."

ప్రసన్న వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. మిషన్ బాగుచేసి ఉంచమని చెప్పి వెళ్ళింది. చీకటి పడే వేళకి ఫోన్ చేసి, కూడిక మాన్పించేశానని చెప్పింది. సాల్మన్ గారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తనని చూసి తనకే నవ్వొచ్చింది. దుమ్ములో జాతకం చెప్పేడు మహానుభావుడు!

మర్నాడు బుధవారం. వాన తగ్గలేదు. మధ్యాహ్నం భోజనం చేసి, చలికి తాళలేక, భార్యాభర్తలిద్దరూ కువైట్ దుప్పటి కప్పుకుని నడుం వాల్చేరు. ముదురెరుపు మీద పెద్ద పువ్వులున్న, మెత్తటి బొచ్చు దుప్పటి. చేత్తో ఒక వైపు రాస్తే నల్లగా, ఇంకో వైపు రాస్తే తెల్లగా కనబడే రకం.

నిద్ర లేచేసరికి గదిలో ఏదో వాసన. కాలిన ధూపం. వేడెక్కిన రబ్బరు. ఏలక్కాయ.

ఆయన దుప్పటి కేసి చూశారు. కాళ్ళ దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా గీతలున్నాయి. జానెడున్నర వెడల్పున, ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా, తాడు పట్టి గీసినట్టు. ఆయనకి ఆ గీతలు తెలుసు. పద్నాలుగేళ్ళు రోజూ గీసినవే. తివాచీ మీద వాక్యూమ్ తోస్తే పడే గీతలు.

"ఏమేవ్, నా మీద మిషన్ తోసేవా?"

రేచల్ గారు కళ్ళు నులుముకుంటూ చూశారు. "నేల మీదే తోయను. మీ మీద తోస్తానా?"

గురువారం మిషన్ని పెరటి వసారాలోకి మార్చి, కొబ్బరితాడుతో స్తంభానికి కట్టేసేరు. పడగ్గది తలుపు గడియ వేసుకుని పడుకున్నారు. లేచేసరికి గీతలు నడుం దాకా వచ్చేయి.

గడియ వేసినట్టే ఉంది. వసారాలో తాడు కట్టినట్టే ఉంది. మిషన్ సంచీ మాత్రం ఉబ్బి ఉంది. ఆయన విప్పేరు. పైన ముదురెరుపు బొచ్చు. దాని కింద చిన్న చిన్న తెల్లవెంట్రుకలు. ఎవరివో ముందు అర్థం కాలేదు. లుంగీ పైకెత్తి చూసుకున్నారు. పిక్కలు రెండూ నున్నగా ఉన్నాయి. తుడిచేసినట్టు.

ఇంకో సంగతి ఆయన్ని పీక్కుతింది. హోటళ్ళలో, పెద్ద ఇళ్ళలో ఒక పద్ధతుంది. గది అటు చివర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా రావాలి. అలా అయితే తుడిచిన చోట మన అడుగు పడదు. ఈ గీతలు కాళ్ళ వైపు మొదలై తలవైపుకి వస్తున్నాయి. అంటే తోసే మనిషి తల వెనక నిలబడాలి. మంచానికీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళ సందు కూడా లేదు.

రేచల్ గారికి ఇదంతా చెప్పలేదు. ఆవిడ భయపడతారని కాదు. "మరి ఆ పిల్లకి ఏమని చెప్పేరు మీరు?" అని అడుగుతారని.

శుక్రవారం పన్నెండున్నరకి వసారాలో కూర్చుని మిషన్ తీగ కోసేశారు. పాత మిషన్‌తో వచ్చిన తీగ కోయడమంటే ఆయనకి వేలు కోసుకున్నట్టే. అయినా కోసేరు. లోపల్నుంచి రేచల్ గారు పిలుస్తున్నారు.

"ఏవండీ, చారు చల్లారిపోతోంది!"

ఆవిడ మళ్ళీ పిలిచేరు. "చారు చల్లారిపోతోందండీ బాబూ!"

భోజనం చేశాక ఆయన పడుకోలేదు. ముందుగదిలో కుర్చీ వేసుకుని, తీగ లేని ఆ మిషన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. అది కదిలితే కదా చూద్దాం అనుకున్నారు. రేచల్ గారు లోపల పడుకున్నారు. వాన. మబ్బుకి పగలే చీకటి. ఆకు మీద ఆకు రాసుకున్నట్టు కొబ్బరిచెట్ల చప్పుడు.

మిషన్ కదల్లేదు.

పడగ్గదిలోంచి శబ్దం వచ్చింది.

శ్శ్... శ్శ్... మోటారు మోత కాదు. బ్రష్షు మెత్తటి బొచ్చు మీద వెళ్ళి వస్తున్న శబ్దం. వెళ్ళి... వస్తున్న...

లేచేరు. ఓరగా ఉన్న తలుపులోంచి చూశారు.

ఎవరూ లేరు.

దుప్పటి మీద బొచ్చు దానంతటదే వాలుతోంది. నల్లగా... తెల్లగా... నడుం దాటింది. గుండె దాటింది. రేచల్ గారు నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నారు. ఆవిడ ముఖం మీద వెంట్రుక ఒకటి, లాగినట్టు, ఆ గీతల వైపు లేచింది.

సాల్మన్ గారు తలుపు తోసేరు.

"ఎలీసమ్మగారూ..." అన్నారు గాలిలా. "ఎలీసమ్మగారూ... చాలండి... ఇల్లు శుభ్రంగానే ఉంది..."

గీత ఆగింది. రేచల్ గారి గడ్డం దగ్గర.

ముందుగదిలో ఫోన్ మోగింది.

"బాబాయి గారండీ!" ప్రసన్న ఏడుస్తోందో నవ్వుతోందో తెలీడం లేదు. "అమ్మ ఫోన్ చేసిందండీ! ఆ కువైట్ నంబరే! ఇందాక అన్నం వడ్డిస్తుంటే, పన్నెండున్నరకండీ!"

"ఏమంది?"

"మాట్లాడలేదండీ. మిషన్ తోస్తున్న శబ్దమే. పని మధ్యలో చేసుంటుంది. వెనకాల ఎవరో ఆడమనిషి పిలుస్తున్నారండీ. చారు చల్లారిపోతోందండీ బాబూ, అని. తెలుగువాళ్ళ ఇల్లేనండీ! మీరు చెప్పినట్టే, మంచి ఇల్లే!"

సాల్మన్ గారు తీగ లేని మిషన్ కేసి చూశారు.

"ప్రసన్నా, విను. ఆవేళ నేను చెప్పింది... నాకు తెలీదమ్మా. మీ అమ్మ సంగతి నాకేమీ తెలీదు. ఊరికే అన్నాను."

"ఆయ్, మీరు మరీనండీ. ఇప్పుడు మీరు కాదన్నా నేను నమ్మను. నా చెవులతో విన్నాను కదండీ. కొత్తపేట సెంటర్ దాటేశామండీ, మిషన్ తీసుకెళ్ళిపోతాం. మా చంటిపాపని కింద పరుపు మీదే పడుకోబెడతాను కదా... దాని చుట్టూ రోజూ తోసుకోవచ్చు."

"వద్దమ్మా. రావద్దు. ఆ మిషన్ని..."

లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

ఫోన్ మోతకి రేచల్ గారు లేచి వచ్చేరు. కిటికీలోంచి జల్లు కొట్టి ముందుగది నేలంతా తడిసి ఉంటే, విసుక్కుంటూ గుడ్డ తెచ్చి, గోడ వైపు నుంచి గుమ్మం దాకా తుడిచేరు. గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ తుడిచేరు. మళ్ళీ తుడిచేరు.

"ఇదేంటండీ," అన్నారు మెల్లగా. "ఇక్కడ తడి అంటటం లేదు."

ఆయన వచ్చి చూశారు. తడి నేల మీద, గుమ్మానికి జానెడు ఇవతల, రెండు చోట్ల మాత్రం పొడిగా ఉంది. పక్కపక్కనే. చిన్న పాదాలు. వేళ్ళతో సహా తెలుస్తున్నాయి. మడమలు గుమ్మం వైపు, వేళ్ళు ఇంట్లోకి.

గట్టు మీద ఆటో మలుపు తిరిగిన చప్పుడైంది.

ఇంట్లోకి వచ్చే మనిషి పాదాలు లోపలికే చూస్తాయి. పని ముగించుకుని, వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటబోయే మనిషి పాదాలు కూడా లోపలికే చూస్తాయి. సాల్మన్ గారు కళ్ళజోడు తుడుచుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. వంగి చూశారు. ఇంకా వంగి చూశారు.

ఎలీసమ్మ వస్తోందో వెళుతోందో చూసి చెప్పడం ఆయనకి ఇంకా రాదు.