పదకొండు కంప్యూటర్లు, ఒక లాప్‌టాప్

శుక్రవారం ఉదయం 10:20. ఇబాదాన్ నగరంలోని అలాకె గేమ్ సెంటర్‌లో పదకొండు కంప్యూటర్లు వరసగా చేతులెత్తేశాయి.

ఫుట్‌బాల్ ఆట తెరుచుకుంటుంది. ఆటగాళ్లు మైదానంలోకి వస్తారు. రిఫరీ విజిల్ వేయగానే స్క్రీన్ నల్లబడుతుంది. ఏ సీట్లో చూసినా ఇదే తంతు. పేటల పోటీ ఫైనల్ మర్నాడు మధ్యాహ్నం మూడింటికి.

గురువారమే టెక్నీషియన్ కొలాపో గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాడు. డేటా ఖరీదు. అందుకని ఒక్కసారే డౌన్‌లోడ్ చేసి, ఫ్లాష్ డ్రైవ్‌లో తెచ్చి అన్నింటికీ ఎక్కించాడు.

యజమానురాలు అలాకె రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ ఒలాడిపోని పిలిచింది. అరవై నాలుగేళ్ల మనిషి. సాయంత్రాలు ఆ సెంటర్లోనే కాలక్షేపం. ముప్పై ఏళ్ల సర్వీసులో తను పట్టుకున్నవాడెవడూ నిర్దోషి కాడని చెప్పుకుంటాడు. ఆ గొప్పే కొంప ముంచింది.

పది నిమిషాల్లో కేసు తేల్చేశాడు. ఫ్లాష్ డ్రైవ్‌లో వైరస్ ఉంది. పోటీ చెడగొట్టమని ఎవరో కొలాపోని కొనేశారు.

"ఒక్కసారి మెషీన్ ముందు కూర్చోనివ్వండి బాబా. ఏమైందో చూసి చెప్తా" అని కొలాపో మొత్తుకున్నాడు.

"సాక్ష్యం చెరిపేద్దామనా?"

ఒక్క ఫోన్‌తో స్టేషన్ నుంచి పాత శిష్యులు జీపేసుకుని వచ్చారు. తనూ వెంట వెళ్లి కొలాపోని సెల్‌లో పెట్టించాడు. రిపేరు పనివాడికి దొంగ అన్న పేరొస్తే ఇక ఊళ్లో ఎవరూ కంప్యూటర్ చేతికివ్వరు. అది ఒలాడిపోకి తెలుసు. తెలిసే చేశాడు.

శనివారం 9:40. రుజువు రాసుకుందామని ఒలాడిపో మళ్లీ వచ్చాడు. ఫైనల్ ఆడాల్సిన లెక్కల మేష్టారు గనియు, మూలన అలాకె లాప్‌టాప్ ముందు కూర్చుని ఆడుతున్నాడు.

"ఏం మేష్టారూ, అది ఆగిపోవట్లేదా?"

"లేదు బాబా. అరగంట నుంచి ఆడుతున్నా. మూడు గోల్స్ కొట్టా, చప్పట్లు కొట్టేవాడే లేడు."

"దాంట్లో పాత సాఫ్ట్‌వేరా?"

"ఎక్కడి పాతదండీ!" అంది అలాకె. "గురువారం దీనికీ ఎక్కించాడుగా. అదే ఫ్లాష్ డ్రైవ్."

ఒలాడిపో లాప్‌టాప్ వైపు వంగాడు. అదే వైరస్ అయితే ఇదెందుకు చావలేదు?

"అప్‌డేట్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, కంప్యూటర్ ఎక్కడైనా రాసుకుంటుందా?"

గనియు లాగ్ ఫైళ్లు తెరిచాడు.

"ఒకటో సీటు?"

"4:12కి ఆగిపోయింది. కింద ఇంకేం లేదు."

"ఐదు?"

"4:12."

"పదకొండు?"

"అదే."

"లాప్‌టాప్?"

"4:19కి పూర్తయిందని ఉంది బాబా."

"గురువారం 4:12కి ఏం జరిగింది?"

"ఏముందీ, లైటొచ్చింది, అదే, లైన్ కరెంటు" అంది అలాకె. "అప్పటిదాకా జనరేటర్ మీదే కదా. నాలుగున్నర దాకా దేన్నీ ముట్టుకోవద్దని నాకు చెప్పి కొలాపో ఇంకో పనికెళ్లాడు. జనరేటర్ నుంచి మార్చేసరికి అన్నీ ఆరిపోయాయి. మళ్లీ ఆన్ చేశా, స్క్రీన్లొచ్చాయి. అయిపోయిందనుకున్నా. అప్‌డేట్ అని ఆ సాయంత్రం ఆటలు ఆపేశాగా, ఎవరూ ఆడి చూడలేదు."

"నిన్న చెప్పలేదేం?"

"మీరడిగితేగా!"

జనరేటర్ నుంచి లైన్‌కి మార్చేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పూర్తిగా పోతుంది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. మిగతా పదకొండింటికి లేదు. వాటిలో సగం పాత సాఫ్ట్‌వేరు, సగం కొత్తది మిగిలిపోయాయి. మామూలు పనులకి అది సరిపోయింది. ఆట మొదలయ్యేసరికి కూలబడింది.

"ఇంతకీ స్విచ్ మార్చిందెవరు?" గనియు అడిగాడు.

"ఎవరికి గుర్తుంటుంది మేష్టారూ? లైటొస్తే దగ్గరున్నవాళ్లు లాగేస్తారు. పెట్రోలు కాలిపోతుంటే చూస్తూ కూర్చుంటామా?"

ఒలాడిపోకి గుర్తుంది. వీధంతా "లైట్! లైట్!" అని అరిచింది. తనూ అరిచాడు. అలవాటుగా లేచి, గోడ మీది స్విచ్ పిడిని తనే కిందికి లాగాడు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కరెంటు మీదకి తోసేస్తే సరిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

11:05కి స్టేషన్‌కి వెళ్లి, కేసు వెనక్కి తీసుకున్నామని రాసిచ్చి, కొలాపోని వెంటబెట్టుకొచ్చాడు. దొంగని చూద్దామని పక్క షాపులవాళ్లంతా గుమిగూడారు. అందరి ముందూ ఒలాడిపో లాగ్ ఫైళ్లు చూపించి జరిగింది చెప్పాడు.

"వైరస్ లేదు. ఈ అబ్బాయి తప్పేమీ లేదు. స్విచ్ లాగింది నేను. ఇతన్ని సెల్‌లో పెట్టించిందీ నేనే."

ఒలాడిపో నేల మీద బోర్లా పడుకుని, తన సగం వయసువాడికి సాష్టాంగపడ్డాడు.

"అయ్యయ్యో బాబా! పెద్దవారు, ఇదేం పని!" అలాకె పరుగెత్తుకొచ్చింది.

కొలాపో కదల్లేదు. అప్పటికే ఒకటో సీట్లో కూర్చుని పాత సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేస్తున్నాడు. కొత్తది మళ్లీ ఎక్కించడానికి ఒక్కోదానికి ఏడు నిమిషాలు. మూడింటికల్లా అన్నీ సిద్ధమవుతాయి.

"లేవండి బాబా" అన్నాడు స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా. "నిన్న స్టేషన్లో మా అమ్మ గంటసేపు మీ ముందు మోకాళ్ల మీద ఉంది. మీరు పేపరు చదువుకున్నారు. చెప్పాల్సింది ఆవిడకి. నాకు కాదు."

ఒలాడిపో మెల్లగా లేచాడు.

"ఇల్లెక్కడ నాయనా?" అన్నాడు.

నిన్న అతన్ని జీపెక్కించే ముందు ఆ ఒక్క మాటైనా అడగలేదు.