ప్రాంప్టరమ్మ ఒంటి సంగతి

"కాస్త పక్కకి జరుగుతారా? నేను స్టేజి మీదికి వెళ్ళాలి."

ఆయన ఆవిడతో అన్న మొట్టమొదటి మాట ఇది. ప్రేమ కథలో హీరో అనవలసిన మాటేనా? కాదు. కానీ అన్నాడు. అదీ ఎవరితో? ఆ నాటక సంస్థలో పాతికేళ్ళుగా తెర పక్కన నిలబడి, డైలాగు మర్చిపోయిన ప్రతివాడికీ మాట అందించి పరువు కాపాడుతున్న ప్రాంప్టరమ్మతో!

ఆవిడకి అరవై దాటాయి. ఒళ్ళు భారీ. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఇంకొకరు వచ్చి చెప్పాల్సిన పని లేదు. తెర పక్క సందు ఇరుకంటే అది కట్టినవాడి తప్పు. దానికి ఈవిడెందుకు జరగాలి?

"ఎంత జరగమంటారు? వీధిలోకా?" అంది.

"అయ్యో, నా ఉద్దేశం అది కాదండీ..."

"మరి ఏది?"

జవాబు చెప్పే టైము లేదు. ఎంట్రీ వచ్చేసింది. ఆయన ఊపిరి బిగబట్టి, అడ్డంగా తిరిగి, స్టేజి మీదికి దూరాడు.

అది డ్రెస్ రిహార్సల్. సంస్థలో కొత్తగా చేరిన ఆయనకి మామగారి వేషం. కోడలి ముందు నిలబడి, చెయ్యెత్తి, "ఈ ఇంట్లో..." అని గట్టిగా మొదలుపెట్టి ఆగిపోయాడు. మర్చిపోయాడు. కళ్ళు తెర పక్కకి తిప్పాడు.

ప్రాంప్టరమ్మ చేతిలో స్క్రిప్టు ఉంది. వేలు సరిగ్గా ఆ లైను మీదే ఉంది. పెదవి మాత్రం కదల్లేదు.

"ఈ ఇంట్లో..." అన్నాడాయన మళ్ళీ, ఈసారి దీనంగా.

ఆవిడ స్క్రిప్టు మూసి, తీరిగ్గా పైకప్పు వైపు చూసింది.

దర్శకుడు నెత్తి కొట్టుకున్నాడు. రిహార్సల్ అయ్యాక మామగారి వేషం తియ్యకుండానే ఆయన నేరుగా ఆవిడ దగ్గరికొచ్చాడు. "మీరు కావాలనే చెప్పలేదు కదూ?"

"జరగమన్నారుగా. జరిగాను."

ఆయన రుసరుసలాడతాడనుకుంది. పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి అస్సలు నచ్చలేదు. ఇంటికెళ్ళాక రెండు మూడుసార్లు గుర్తొచ్చింది, అప్పుడూ నచ్చలేదు.

మర్నాడు వచ్చేసరికి తెర పక్క సందు విశాలంగా ఉంది. ఇన్నాళ్ళూ అందులో సగం చోటు మింగేసిన బట్టల బీరువా ఎటో మాయమైంది. చొక్కా నిండా దుమ్ముతో ఆయన నిలబడి ఉన్నాడు.

"జరగాల్సింది మీరు కాదండీ, ఆ బీరువా. నిన్న నాకు కళ్ళు కనబడలేదు," అన్నాడు.

ఆవిడ స్క్రిప్టు తెరిచింది. ఆ రోజు ఆయన ఎక్కడ తడబడినా, తడబడకముందే మాట అందింది.

అప్పటినుంచీ ఆయన పేరు మామగారే అయిపోయింది. రిటైరయ్యేదాకా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్న మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. ఈవిడ భర్త పోయి అంతకన్నా ఎక్కువ కాలమైంది. రోజూ రిహార్సల్‌కి గంట ముందే వచ్చి, డైలాగుల వంకతో ఆవిడ ఎదురుగా టీ కప్పుతో కూర్చునేవాడు. డైలాగులు మాత్రం రాలేదు.

"మీకు అసలు చదివే ఉద్దేశం ఉందా?" అంది ఒకరోజు.

"లేదండీ. మొత్తం వచ్చేస్తే మీరు నాతో మాట్లాడటం మానేస్తారు."

ఆవిడ స్క్రిప్టు అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికి అంతకంటే దగ్గర్లో ఏమీ లేదు.

వానొచ్చిన సాయంత్రం ఒకే గొడుగులో బస్సు స్టాపు దాకా నడిచారు. ఆయన సగం తడిసిపోయాడు.

"నా పక్కన చోటు చాల్లేదనేగా?" అంది, అలవాటుగా కత్తి తీసి.

"గొడుగు చిన్నదండీ. దరిద్రపు గొడుగు," అన్నాడాయన తుమ్ముతూ. మనిషి బుద్ధిమంతుడు, ఒకసారి చెబితే నేర్చుకుంటాడు.

అంతా ఇలా సాఫీగా సాగిపోతే బాగుండేది. మధ్యలో డాక్టరు వచ్చాడు.

ఆ డాక్టరు చాలాసేపు, చాలా వివరంగా మాట్లాడాడు. ఎవరితో? ఆవిడ కూతురితో. "అమ్మగారికి నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. సుగర్ కంట్రోల్లో లేదు. మోకాళ్ళు అరిగిపోతున్నాయి. బేరియాట్రిక్ సర్జరీ గురించి ఆలోచించండి. కడుపు సైజు తగ్గిస్తాం. వయసుని బట్టి రిస్కు కాస్త ఎక్కువే. తర్వాత కొంచెం కొంచెంగానే తినాలి, విటమిన్లు జన్మంతా వాడాలి..."

"డాక్టరుగారూ, పేషెంటుని నేను," అంది ప్రాంప్టరమ్మ.

"అవునమ్మా. మీరు రిలాక్స్ అవ్వండి," అని ఆయన మళ్ళీ కూతురి వైపు తిరిగాడు.

రిలాక్స్! కోసేది ఈవిడ కడుపు, కుట్లు పడేది ఈవిడకి. మాటలు మాత్రం పక్క కుర్చీతో!

బయటికి రాగానే కూతురు తీర్పు చెప్పేసింది. "వద్దమ్మా. ఈ వయసులో ఆపరేషనేంటి? నోరు కట్టుకుంటే పోలా? అయినా ఇప్పుడు సన్నబడి ఎవరికి చూపించాలి?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. "నువ్వు పుట్టినప్పట్నుంచీ కట్టుకుంటూనే ఉన్నానే నోరు! ఎన్ని డైట్లు చేశానో నీకు తెలీదా? తగ్గినట్టే తగ్గి మళ్ళీ రెట్టింపు అవుతోంది. ఎవరికి చూపించాలా? నేను బతికుంది ఎగ్జిబిషన్‌కా?"

"అరవకమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ!"

సంగతి సంస్థలో పొక్కింది. ఇంకేముంది, ఎవరికి వాళ్ళు డాక్టర్లయిపోయారు. బట్టలు కుట్టే ఆవిడ, తన చిన్నమ్మ ఆ ఆపరేషన్‌తోనే మంచం పట్టిందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. లైట్లు చూసే అతను, వాళ్ళ పక్కింటావిడ సినిమా హీరోయిన్‌లా తయారైందన్నాడు. దర్శకుడు "మీరు సన్నబడితే మేం గుర్తుపట్టొద్దూ?" అని జోకేసి తనే నవ్వుకున్నాడు. ఒక్కరికీ ఆవిడ ఏమనుకుంటోందని అడగబుద్ధి కాలేదు.

ఆవిడకి మాత్రం తెలుసా ఏమిటి? పడుకుంటే ఊపిరాడక చాలాకాలంగా కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. అలా నిద్రలోనే పోతానేమోనని భయం. ఆపరేషన్ బల్ల మీద పోతానేమోనని ఇంకో భయం. రెండు భయాల మధ్య నిలబడి తేల్చుకోవాలంటే కాస్త నిశ్శబ్దం కావాలి. అదొక్కటీ ఎవరూ ఇవ్వడం లేదు.

చివరికి మామగారికి చెప్పింది. ఈయనైనా వింటాడనుకుంది.

ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు. మొహంలో రంగులు మారాయి. "ఎందుకండీ అవన్నీ? మీరు ఇలాగే బాగున్నారు. నాకు... నాకు మీరు ఇలాగే ఇష్టం."

ఇష్టం అన్నాడు! ఇంకో కథలో అయితే ఇక్కడ హీరోయిన్ సిగ్గుతో తల వంచుకునేది. మన ప్రాంప్టరమ్మ భగ్గుమంది.

"మీకు ఇష్టమా? చాలా సంతోషం! రాత్రిళ్ళు ఊపిరి ఆగేది మీకా? మెట్టెక్కాలంటే కళ్ళనీళ్ళు తిరిగేది మీకా?"

"అది కాదండీ..."

"అమ్మాయేమో ఎవరికి చూపించాలి అంటుంది. మీరేమో నాకు చూపిస్తే చాలంటారు. మొత్తానికి ఈ ఒళ్ళు చూసేవాళ్ళదన్నమాట! లోపల ఉన్నదాన్ని నేను, నన్నడిగే నాథుడు లేడు!"

లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి టీ లేదు, మాట లేదు. రిహార్సల్లో డైలాగు మాత్రం అందించేది, రేషన్ ఇచ్చినట్టు, ఒక్క అక్షరం ఎక్కువ లేకుండా. ఆయన మొహం వేలాడేసుకుని తిరిగాడు. ఆవిడకి జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

శనివారం మధ్యాహ్నం మొదటి ఆట. హాలు నిండిపోయింది. రెండో అంకంలో కోడలు మందు గ్లాసుతో వచ్చి, "వేసుకోండి మామయ్యా, డాక్టరుగారు చెప్పారు," అంటుంది. మామగారు చెయ్యెత్తి, "ఈ ఇంట్లో నా మాటే చెల్లాలి" అని గర్జించాలి.

సరిగ్గా దానికి ముందు నిమిషంలోనే ఆవిడ కూతురు వెనక తలుపు నుంచి తెర పక్కకి వచ్చింది.

"అమ్మా, ఇప్పుడే ఫోన్ చేశాను. సోమవారం ఆ డాక్టరు దగ్గర నీ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేయించేశాను. ఇక ఆ గొడవ వదిలెయ్," అంది గుసగుసగా.

ప్రాంప్టరమ్మ స్క్రిప్టు మూసేసింది.

స్టేజి మీద మామగారు చెయ్యెత్తాడు. ఎత్తి, ఆగిపోయాడు. షరా మామూలే. చెవి తెర వైపు వంచాడు.

ప్రాంప్టరమ్మ గొంతుకి ఒక అలవాటుంది. ఎంత మెల్లగా మాట్లాడినా సరిగ్గా స్టేజి మధ్యదాకా వెళ్ళి అక్కడ ఆగుతుంది, మొదటి వరుసకి చేరదు. పాతికేళ్ళ పని ఆ గొంతుని అలా మలిచింది. ఆ గొంతుతోనే ఆవిడ కూతురి వైపు తిరిగి పళ్ళు బిగించి అంది: "నా ఒంటి సంగతి నేను తేల్చుకుంటాను! నాకు చెప్పడానికి మీరందరూ ఎవరు?"

తెర పక్క నుంచి ఏది వినబడితే అది అనెయ్యడమే తెలిసిన మామగారు, రొమ్ము విరిచి, హాలు దద్దరిల్లేలా గర్జించాడు.

"నా ఒంటి సంగతి నేను తేల్చుకుంటాను! నాకు చెప్పడానికి మీరందరూ ఎవరు?"

కోడలు గ్లాసుతో నోరు తెరిచి నిలబడిపోయింది. ఎక్కడో వెనక వరుసలో ఒకావిడ చప్పట్లు కొట్టింది. ఇంకొకావిడ అందుకుంది. తర్వాత హాలంతా.

చప్పట్ల మధ్యలో ఆయన మెల్లగా తెర వైపు తిరిగాడు. అది నాటకంలో మాట కాదని, ఎవరి మాటో, ఎవరెవరికి తగలాల్సిందో అప్పుడు అర్థమైంది. ఆ మాట తన నోటితో తనే అంటే గానీ ఆయన చెవికెక్కలేదు. అదృష్టం బాగుండి కోడలు తేరుకుంది, "అలాగే మామయ్యా, మీ ఇష్టం," అని గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆట అయ్యాక మేకప్ రూములో ప్రాంప్టరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. సగం మీసం ఊడదీసుకుని, సగం మీసంతో ఆయన లోపలికొచ్చాడు.

"క్షమించండి," అన్నాడు.

"దేనికి? డైలాగు మార్చినందుకా?"

"దానికి కాదు. ఆ రోజు టీ దగ్గర అన్నదానికి." ఆయన కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. "మా ఆవిణ్ణి ఆస్పత్రికి నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. చిన్న ఆపరేషనే అన్నారు. ఒక్కణ్ణే తిరిగొచ్చాను. మీరు ఆ మాట అనగానే అదే గుర్తొచ్చింది. భయమని చెప్పుకోవడానికి సిగ్గేసి, మెచ్చుకోలు వేషం వేశాను."

ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "భయమైతే భయమని చెప్పొచ్చుగా! ఆ మాట అని ఉంటే చెయ్యి పట్టుకుని ఏడ్చేదాన్ని. నాకు మాత్రం లేదా భయం?"

"నాక్కూడా అంతే అమ్మా," అంది కూతురు గుమ్మం దగ్గర్నుంచి. ఎప్పుడొచ్చిందో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాన్న పోయాక నాకు నువ్వొక్కదానివే కదా."

"అందుకని నాకు చెప్పకుండా క్యాన్సిల్ చేస్తావా? మీ భయాలు మీరు మొయ్యండి. వాటిని కూడా నా మీద వేస్తే నేనెక్కడ మోసేది?"

ఇద్దరూ తల వంచుకున్నారు. ఆయనే మెల్లగా అడిగాడు. "ఇంతకీ మీరేం తేల్చుకున్నారండీ?"

ఇన్నాళ్ళూ పోట్లాడి పోట్లాడి, నిజంగా ఎవరైనా అడిగేసరికి ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

"చేయించుకుంటాను. ఆ డాక్టర్ని కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగి, అన్ని పరీక్షలూ అయ్యాకే. పోతే పోతానేమో. కానీ నాకు మంచం మీద హాయిగా పడుకుని నిద్రపోవాలనుంది. మెట్లు ఏడవకుండా ఎక్కాలనుంది." ఆగి, కోపంగా కలిపింది. "అందంగా కనబడాలనీ ఉంది. ఉండకూడదా?"

"ఉండొచ్చండీ."

"నవ్వకండి!"

"నవ్వట్లేదండీ, మీసం లాగుతోంది." ఆయన ఆ మిగిలిన సగం కూడా పీకేశాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా? తొందరేం లేదు. ఆపరేషన్ అయ్యి, పూర్తిగా కోలుకున్నాకే..."

"కోలుకున్నాకా? అంటే సన్నబడ్డాకా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, నా ఉద్దేశం..."

"ముందు చేసుకుంటే మొగుడి కోసం కోయించుకుందంటారు. తర్వాత చేసుకుంటే సన్నబడింది కాబట్టి దొరికాడంటారు. ఎలా చేసుకున్నా అనేవాళ్ళు అంటారు." ఆవిడ లేచి నిలబడింది. "అందుకని నా ఇష్టం. ముందే చేసుకుందాం. ఇన్నేళ్ళు నన్ను మోసింది ఈ ఒళ్ళు. పిల్లని కని పెంచింది, పాతికేళ్ళు తెర పక్కన నిలబెట్టింది. దాన్ని నా పెళ్ళికి పిలవకపోతే ఎలా?"

ఆయన పీకిన మీసం జేబులో కుక్కేశాడు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

కూతురు ఏడుస్తూనే నవ్వింది. "మరి నేను మామగార్ని ఏమని పిలవాలి?"

"అది తర్వాత చూద్దువుగాని. ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి ఆ అపాయింట్‌మెంట్ మళ్ళీ పెట్టించు."

కూతురు ఫోన్ తీసి నెంబరు నొక్కబోయి, ఆగింది. ఫోన్ తల్లి చేతిలో పెట్టింది.

"నువ్వే మాట్లాడమ్మా," అంది. "ఒళ్ళు నీది."