చిలుక కొరికిన ముడి

"తల పట్టుకోండి! రెక్కలు నొక్కకండి!"

పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ అరిచింది. ఇన్‌స్పెక్టర్ చేతుల్లో బూడిదరంగు చిలుక మళ్ళీ కొట్టుకుంది. కాళ్ళు బిగుసుకుపోయాయి. ఇరవై నిమిషాల్లో ఇది మూడో ఫిట్స్.

టైమ్ ఉదయం తొమ్మిదీ పది.

చిలుక పేరు దొర. గోడవారగా కుర్చీలో కూర్చున్న ముసలాయన దాని మీంచి చూపు తిప్పడం లేదు. ఆయన ఇన్‌స్పెక్టర్ తండ్రి. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. కుడి చెయ్యి సగమే కదులుతుంది. మాట పూర్తిగా పడిపోయింది. స్పీచ్ థెరపిస్టు చేతులెత్తేశాక, దొర వెనకాల పలుకుతూ పదకొండు మాటలు కూడగట్టుకున్నాడు. దొర ముందు పలికితేనే ఆయన పలుకుతాడు. లేకపోతే లేదు.

"ఇది జబ్బు కాదు, విషం," అంది డాక్టరమ్మ. "ఏం విషమో తెలిస్తే ఏదో ఒకటి చూస్తాను. తెలియకపోతే ఆక్సిజన్ పెట్టి కూర్చోవడమే. ఏం తింది?"

"రోజూ తినే గింజలే," అంది ఇన్‌స్పెక్టర్ భార్య.

"ఏం కొరికింది?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ప్లాస్టిక్ కవర్ తీశాడు. అందులో ఒక బొమ్మ. జనపనార తాడు, నాలుగు ముడులు, మధ్యలో చెక్కముక్కలు. మూడు రోజుల్లో తయారైంది; ఈ పొద్దున ఏడున్నరకి అతని భార్య పంజరంలో కట్టింది. రెండు ముడులు పీచుపీచుగా ఉన్నాయి.

ముసలాయన చేతికి ఎక్సర్‌సైజుగా ముడులు వెయ్యమన్నారు డాక్టర్లు. ఆ ముడులే దొరకి బొమ్మలయ్యాయి. ముసలాయన కట్టడం, దొర పీకెయ్యడం. ఇద్దరికీ అదే ఉద్యోగం.

ఇన్‌స్పెక్టర్ తన భార్య వైపు తిరిగాడు. "పంజరం దేంతో కడిగావు?"

"కడగలేదు."

"ఇంట్లో ఏదైనా స్ప్రే కొట్టావా?"

"లేదు. ఎందుకండీ అలా గుచ్చిగుచ్చి చూస్తారు? అది ఫోన్ మోగినట్టు కూసి రోజుకి పదిసార్లు నన్ను హాల్లోకి పరిగెత్తిస్తుంది. కోపం లేదని అనను. అంతమాత్రానికి చంపుకుంటానా?"

"అడగడం నా డ్యూటీ."

"స్టేషన్లో చెయ్యండి డ్యూటీ. నేను మీ పెళ్ళాన్ని."

ఇక మిగిలింది తాడు. అది ఎంచుకున్నది అతనే. నైలాన్ వద్దన్నాడు, దారం లేచి కాలివేళ్ళకి బిగుసుకుంటుందని. నూలు వద్దన్నాడు, పీచు మింగితే కడుపులో ఉండ కడుతుందని. రంగు వేసింది అసలే వద్దన్నాడు. జనపనారలోనూ నార మెత్తబడడానికి నూనె పట్టించే రకం ఉంటుందని తెలిసి, వాసన చూసి మరీ కొన్నాడు.

అమ్మినవాడు మోసం చేశాడా?

పది గంటల అయిదు నిమిషాలకి జీపు తాళ్ళ కొట్టు ముందు ఆగింది.

"ఈ తాడుకి నూనె పట్టించారా? నిజం చెప్పు!"

కొట్టాయన బెదరలేదు. "సార్, మీరు పిట్టకోసం అన్నారని లోపల్నుంచి వేరే చుట్ట తెచ్చి ఇచ్చాను. ఇదిగో ఆ చుట్టే. మీరే చూసుకోండి."

రెండు గాజు గ్లాసుల్లో వేడినీళ్ళు పోశాడు. ఒకదాంట్లో చుట్టలోంచి కోసిన ముక్క. రెండోదాంట్లో బొమ్మలోంచి కోసిన ముడి.

మొదటి గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి. రెండోదాంట్లో రంగురంగుల నూనెతెట్టు తేలింది.

కొట్టాయన వంగి వాసన చూశాడు. ముక్కు ముడుచుకున్నాడు. "ఇదేంటి సార్? కర్పూరం వేసిన నొప్పుల తైలం! ఘాటుగా కొడుతోంది. మీకు రావట్లేదూ?"

ఇన్‌స్పెక్టర్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా రాలేదు. ఎనిమిది నెలలుగా వాళ్ళ ఇల్లంతా అదే వాసన. అతని ముక్కుకి అది గాలితో సమానమైపోయింది.

ముడికీ ముడికీ మధ్యనున్న తాడు ముక్క కోసి మొదటి గ్లాసులో వేశాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. మరో ముడి వేశాడు. నూనె.

తాడుకి ఏ పాపమూ తెలియదు. వేళ్ళు నొక్కిన చోటే విషం ఉంది.

అక్కణ్ణుంచే డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. "కర్పూరం, మేడమ్!"

"దానికి విరుగుడు మందంటూ లేదండీ. నేను చెయ్యగలిగింది చేస్తాను. మీరు రండి."

తిరిగి వచ్చేసరికి పదకొండు దాటింది. దొర గాజుపెట్టెలో పడుకుని ఉంది. ఊపిరి ఎగుడుదిగుడుగా ఆడుతోంది. ఇన్‌స్పెక్టర్ తన భార్యని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"తైలం మర్దనా అయ్యాక నాన్న చెయ్యి ఎవరు కడుగుతున్నారు?"

ఆమె వింతగా చూసింది. "మర్దనా చేసేది మీరు. ఎవర్నీ ముట్టుకోనివ్వరుగా! అరగంట ఆగాలి, సబ్బుతో కడగాలి, ఆ తర్వాతే తాడు ఇవ్వాలి. నర్సు చెప్పినప్పుడు తలూపింది కూడా మీరే. ఏం, కడగట్లేదా?"

అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది.

మూడు రోజులుగా ఏడింటికల్లా స్పెషల్ డ్యూటీ. అరగంట ఆగే తీరిక లేదు. మర్దనా చేశాడు. ఆ తడిచేతిలోనే తాడు పెట్టాడు. షూ లేసు కట్టుకుంటూ, "కానివ్వు నాన్నా" అని వెళ్ళిపోయాడు.

పదకొండూ ఇరవై రెండు.

డాక్టరమ్మ ఆక్సిజన్ గొట్టం తీసేసింది. "సారీ," అంది.

ముసలాయన లేవబోయాడు. లేవలేకపోయాడు. కోడలు భుజం పట్టుకుంది. ఆయన బల్లమీది కవర్లో ఉన్న తాడును చూశాడు. తన కుడిచేతిని చూసుకున్నాడు. పెదాలు చాలాసేపు కదిలాయి.

"నే... ను," అన్నాడు.

దొర ఎన్నడూ పలకని మాట అది.

ఎడమచేత్తో కుడిచేతిని ఒడిలోంచి పక్కకి తోసేశాడు, అది ఎవరిదో అన్నట్టు.

"ఎవరి తప్పూ లేదు మామయ్యా," అంది కోడలు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇన్‌స్పెక్టర్ ఎందరి చేతో నేరం ఒప్పించాడు. నేరం చెయ్యనివాడు ఒప్పుకుంటుంటే ఎలా ఆపాలో ఎవరూ నేర్పలేదు. ఊరుకుంటే ఆ చెయ్యి ఇక తాడు ముట్టదు. నోరు విప్పితే, రోజూ మర్దనా చేసే తన చేతిని నాన్న మళ్ళీ దగ్గరకి రానివ్వకపోవచ్చు.

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తోసేసిన చేతిని తీసుకుని రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"నువ్వు కాదు నాన్నా," అన్నాడు. "దొరని చంపింది నేను."