కత్తెరమ్మకు ఏమైంది?

పొద్దున ఏడున్నరకి ఆఫీసుకి తయారవుతూ కోడలు ముందు గదిలోకి తొంగి చూసింది. అత్తయ్య కుట్టుమిషన్ ముందే కూర్చుని ఉంది కానీ మిషన్ చప్పుడు లేదు. ఒళ్ళో ఒక తెల్ల చొక్కా. ఆ చొక్కా రెండు భుజాలకీ ఎడమ చెయ్యే కుట్టి ఉంది.

"ఇదేంటత్తయ్యా, రెండూ ఎడమ చేతులే కుట్టారు?"

అత్తయ్య చొక్కాని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరు కుట్టారమ్మా ఇది? పని రాని వాళ్ళెవరో."

ఎగతాళికి అంటోందేమోనని కోడలు ఆమె మొహంలోకి చూసింది. నవ్వు ఛాయలు ఎక్కడా లేవు.

వీధంతా ఆమెని కత్తెరమ్మ అంటుంది. టేపు తియ్యకుండా, మనిషి గుమ్మంలో నిలబడగానే ఛాతీ కొలత చెప్పేసేది. ముప్పై ఏళ్ళలో ఒక్క బట్ట పాడుచేసిందని ఎవరూ అనలేదు. అలాంటి మనిషి పది రోజుల నుంచి సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. తల నొప్పంటోంది, కడుపులో తిప్పుతోందంటోంది. మొన్న కోడల్ని పట్టుకుని, ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. నిన్న స్నానానికని వెళ్ళి, ఎందుకొచ్చానా అన్నట్టు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"వయసు మీద పడుతోంది కదా," అన్నాడు కొడుకు, షూ లేసు కట్టుకుంటూ. అతను డ్రైవింగ్ నేర్పిస్తాడు. పక్కనున్నవాడు కారు గోడకేసి నడిపినా గొంతు పెంచని మనిషి.

"పది రోజుల్లో పడుతుందా అండీ వయసు?"

కోడలు ఆఫీసుకి సెలవు చెప్పి ఆడపడుచుకి ఫోన్ చేసింది. తనకేమీ పాలుపోవడం లేదు. అసలు అత్తయ్యని ఇంత జాగ్రత్తగా ఎవరు చూసుకుంటారు? నాలుగు నెలల క్రితం క్లినిక్‌లో బీపీ ఉందని చెప్పి మాత్ర రాసిచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, నీళ్ళు బాగా తాగమన్నారు. కోడలి తల్లి బీపీని లెక్కచెయ్యకే పక్షవాతంతో పోయింది. అందుకే కోడలు ఇంకో మాటకి తావివ్వలేదు. అత్తయ్యకి విడిగా గిన్నె పెట్టి, చిటికెడు ఉప్పు కూడా తగలకుండా వండింది. రోజుకి నాలుగు సీసాల నీళ్ళు దగ్గరుండి తాగించింది. మాత్ర ఒక్క రోజు కూడా తప్పలేదు. ఇంత చేస్తే మనిషి బాగుపడాలి కదా?

మధ్యాహ్నానికి ఆడపడుచు వచ్చేసింది. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. ఏ గదిలోకి అడుగు పెట్టినా ముందు అందరినీ లెక్కపెట్టే అలవాటు. తల్లి పక్కన కాసేపు కూర్చుని, మూడు ప్రశ్నలడిగి, లేచి హాల్లోకి వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇది మతిమరుపు జబ్బే. మా హాస్టల్ వంటావిడ వాళ్ళమ్మకి అచ్చం ఇలాగే మొదలైంది. చివరికి గ్యాస్ వెలిగించి వీధిలోకి వెళ్ళిపోయింది. ఇలాంటి వాళ్ళని చూసుకునే చోటు ఒకటుంది. నేను మాట్లాడతాను. ముందు ఆ మిషన్ తీసేయండి, వేలు కుట్టేసుకుంటే ఎవరిది పూచీ?"

"పోయిన నెల అత్తయ్య ఇరవై యూనిఫాంలు కుట్టారు వదినా," అంది కోడలు. "ఒక్క కుట్టు తప్పు పోలేదు. డాక్టరుకి చూపించకుండానే జబ్బు పేరు పెట్టేస్తే ఎలా?"

"నువ్వు రోజూ చూస్తున్నావుగా. పది రోజులు ఏం చేశావు మరి?"

ఆ మాట కోడలికి గుచ్చుకుంది. ఈలోగా ఆడపడుచు వంటింట్లోకి వెళ్ళి, తల్లి కోసం విడిగా ఉన్న గిన్నె మూత తీసి, కూర నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టింది. "ఏంటిది? దీన్ని కూరంటారా? అమ్మని ఇలా ఎండగడుతున్నావన్న మాట."

"ఎండగట్టడం కాదు, కాపాడుకుంటున్నాను. మా అమ్మ ఎలా పోయిందో మీకు తెలుసుగా."

"మీ అమ్మకీ మా అమ్మకీ ముడిపెట్టకు."

"అక్కా, ఆగు," అన్నాడు కొడుకు. "నువ్వూ ఆగవే." ఇద్దరూ అతని మాట వినిపించుకోలేదు.

వాళ్ళ మాటలు పెరుగుతుండగా అత్తయ్య గోడ పట్టుకుని హాల్లోకి వచ్చింది. అందరినీ కొత్తవాళ్ళని చూసినట్టు చూసి, మెల్లిగా అంది: "ఈ ఇంట్లో ఏదో గొడవగా ఉంది. పాపం వాళ్ళకి ఇబ్బంది. మనం వెళ్ళిపోదాం పదండి."

అత్తయ్య గుమ్మం వైపు రెండడుగులు వేసింది. మూడో అడుగులో కాలు మెలికపడి, కొడుకు అందుకునే లోపే నేల మీద కూలిపోయింది.

ఆసుపత్రిలో అత్తయ్య కళ్ళు తెరిచే ఉంది కానీ ఏమడిగినా 'ఊఁ' అంటోంది. డాక్టరమ్మ కుర్రది. రక్తం తీయించింది, తలకి స్కాన్ తీయించింది. గంటన్నర తర్వాత కాగితాలతో వచ్చింది.

"తలలో దెబ్బేమీ లేదు. రక్తంలో ఉప్పు, అంటే సోడియం, బాగా పడిపోయింది. నూట ముప్పై అయిదుకి తగ్గకూడదు, ఈవిడకి నూట పద్నాలుగే ఉంది. ఏం తింటున్నారు, ఎన్ని నీళ్ళు తాగుతున్నారు, ఏం మందులు వాడుతున్నారు?"

కొడుకు కోడలి వైపు చూశాడు. ఆడపడుచు కూడా చూసింది. కోడలు చేతిసంచిలోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చింది.

"ఉప్పు నేనే పూర్తిగా ఆపేశాను. నీళ్ళు రోజుకి నాలుగు సీసాలు నేనే తాగించాను. మంచిదనుకున్నాను. ఉప్పు తక్కువైతే కూడా ప్రమాదమా?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "బీపీకి ఉప్పు తగ్గించమనడం నిజమే. అసలు మానేయమని కాదు. పైగా ఈ మాత్ర ఉప్పుని మూత్రంలో బయటికి తోసేస్తుంది. పెద్ద వయసు ఆడవాళ్ళకి మరీ ఎక్కువ. అది పోతూ ఉంటే, పైనుంచి ఉప్పు అందక, నీళ్ళు మాత్రం తాగుతూ ఉంటే రక్తం పలచబడుతుంది. అప్పుడు ఆ నీళ్ళు ఒంట్లో కణాల్లోకి చేరతాయి, కణాలు ఉబ్బుతాయి. చెయ్యో కాలో ఉబ్బితే చోటుంటుంది. మెదడు చుట్టూ ఎముక కదా, ఎటు ఉబ్బుతుంది? అందుకే ఈ తికమక, తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం."

"అయితే మతిమరుపు జబ్బు కాదా?" అంది ఆడపడుచు.

"ఇప్పుడే చెప్పలేం. ఉప్పు సర్దుకున్నాక చూద్దాం. ఒక్కసారిగా పెంచకూడదు, మెదడు దెబ్బతింటుంది. ఓపిక పట్టండి."

వరండాలో బెంచీకి ఆ చివర కోడలు, ఈ చివర ఆడపడుచు. వదిన ఇప్పుడేమన్నా పడాల్సిందేనని కోడలు తలొంచుకుని కూర్చుంది. ప్రేమతో చేసింది తప్పెలా అయిందో, తప్పయింది ప్రేమెలా అవుతుందో ఆమెకి అంతుపట్టలేదు.

"రోజూ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి నేనేమనేదాన్నో తెలుసా?" అంది ఆడపడుచు, గోడ వైపే చూస్తూ. "నీరసంగా ఉందే అనేది. నీళ్ళు చాలట్లేదేమో, ఇంకో రెండు గ్లాసులు తాగమ్మా అనేదాన్ని. నేను చెప్పానని తాగేది. నీకు తెలియకుండా."

కోడలు తలెత్తింది. ఆడపడుచు కళ్ళు తుడుచుకుని, బెంచీ మీద కాస్త ఇటు జరిగింది.

రెండు రోజులు అంకె కొంచెం కొంచెంగా ఎక్కింది. నూట పంతొమ్మిది. నూట ఇరవై అయిదు. అత్తయ్య ఒకసారి కొడుకుని గుర్తుపట్టేది, మరుక్షణం అతన్నే ఎవరి చొక్కా కుట్టాలని అడిగేది. తగ్గుతోందో పెరుగుతోందో ముగ్గురికీ అర్థమయ్యేది కాదు.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చి, "మీరెక్కడున్నారో తెలుసా అమ్మా?" అనడిగింది.

"ఆసుపత్రిలో. మీ తెల్లకోటు భుజం అంగుళం జారింది, ఎవరు కుట్టారో గానీ."

కొడుకు నవ్వేశాడు. కోడలు మంచం దగ్గరికి వచ్చింది కానీ అత్తయ్య చెయ్యి పట్టుకోలేదు.

"నన్ను క్షమించండత్తయ్యా. మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది నేనే."

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "కూర నోట పెట్టలేకపోయేదాన్నే. వాంతి వచ్చేది. ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు."

"ఎందుకనలేదు?"

"చిన్నప్పట్నుంచీ అందరికీ నేనే కొలతలు తీశాను. నేనెంత తిన్నానో, ఎంత తాగానో లెక్క చూసినవాళ్ళు ఎవరూ లేరు. నువ్వు చూశావు. అది ఎక్కడ ఆగిపోతుందోనని మింగేశాను." కోడలి చెయ్యి తనే అందుకుంది. "తెలివితక్కువతనం నాది, నీది కాదు."

కోడలు మంచం అంచున కూలబడి ఏడ్చేసింది. ఆడపడుచు వెనకనుంచి వచ్చి, ఒక చెయ్యి తల్లి నుదుటి మీద, ఒక చెయ్యి కోడలి వీపు మీద వేసింది.

"ఇక మీదట ఏదైనా నోరు తెరిచి చెప్పమ్మా," అంది. "చెప్పకపోతే తెలుసుకునేంత తెలివి మాకు లేదు."