నల్లరాయి సాక్ష్యం

"బల్ల కదిలించకండి! ఇంకో రెండు నిమిషాలు," అన్నాడు డాక్టర్ భానోజీ, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

బల్ల మీద ఒక పాత కంప్యూటర్ పవర్ సప్లయ్ మూత ఊడదీసి ఉంది. లోపలున్న నల్లటి రింగుకి సన్నటి వైర్లు తగిలించి ఉన్నాయి. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఎవరో ఏదో ఆఫీసులో ఎప్పుడో కొట్టిన సెలవు చీటీ: "మా బామ్మగారు కాలం చేసినందున మూడు రోజులు..." ఆ చీటీ పంపిన మరుక్షణం నుంచి పేకాట. మిగతా నిమిషాలన్నీ పేకాటే.

"ఓరి నీ బామ్మో!" అన్నాడు షెడ్డు ఓనరు మస్తాన్. షెడ్డంతా ఘొల్లుమంది. అక్కడ డబ్బాలు విప్పే దీవెనమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఇక్కడ కాస్త ఆగి సంగతి చెప్పాలి, లేకపోతే మీరు నన్నే తిడతారు. ఇంకో పదిహేనేళ్ళకి జరిగే కథ ఇది. ఊరు విజయవాడ, చోటు ఆటోనగర్‌లో పాత సామాన్ల వీధి. పవర్ సప్లయ్ అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడా మార్చి ఇచ్చే ఇనప డబ్బా. పాతవి లారీల్లో వస్తాయి. ఆడవాళ్ళు కింద కూర్చుని వాటిని విప్పుతారు. రాగి ఒక బుట్ట, అల్యూమినియం ఒక బుట్ట, తిరిగే ఫ్యాన్లు ఒక పక్క. మిగిలేది ఆ నల్లటి ఫెరైట్ రింగు. అది కరగదు, ఎవడూ కొనడు. వీధిలో దాన్ని నల్లరాయి అంటారు, గుంటలు పూడ్చడానికి వాడతారు.

కంపెనీల వాళ్ళు తెలివైనవాళ్ళు కదా, హార్డ్ డిస్క్‌ని సుత్తితో చితగ్గొట్టిగానీ బయటికి పంపరు. ఈ డబ్బాని మాత్రం ఎవరూ అనుమానించలేదు. భానోజీ కనిపెట్టింది అదే. ఏ అక్షరం కొట్టినా, తెర మీద ఏది పడినా కంప్యూటర్ ఒక్కోదానికి ఒక్కో రకంగా కరెంటు తాగుతుంది. ఆ తేడా నల్లరాయిలో గుర్తుగా నిలిచిపోతుంది. చివరి పది నిమిషాలు, అంతే. ఉత్తినే ఫ్యాను తిప్పి చూస్తే గుర్తు పడదు, కంప్యూటర్ పని చేస్తేనే పడుతుంది. ఆయన మిషను ఆ గుర్తుల్ని మళ్ళీ అక్షరాలు చేస్తుంది.

రెండేళ్ళు తిరక్కుండానే కోర్టులు దీన్ని సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. దాంతో కిలోల లెక్కన పోయే సరుకుకి డబ్బాకింత అని రేటు పలికింది. మస్తాన్ షెడ్డుకి కొత్త రేకులు పడ్డాయి. అప్పటికే నలుగురు జైలుకెళ్ళారు. ఆ నలుగురి డబ్బాలూ ఈ వీధి నుంచి వెళ్ళినవే.

సెలవు చీటీ నవ్వులు సద్దుమణిగాక దీవెనమ్మ లేచి, పాత చీర ముక్కలో చుట్టిన డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సారూ, ఇది మా ఆయన మిషన్ది. చదివి పెట్టండి."

ఆమె భర్త యోహాను ఊరవతల మందుల ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్. తొమ్మిదేళ్ళ కిందట అక్కడ గ్యాస్ లీకై పన్నెండు మంది పోయారు, అతనితో కలిపి. సైరన్ మోగలేదు. ఆ రోజుతోనే ఫ్యాక్టరీ మూతపడింది. ఆపరేటర్ నిద్రపోయాడని విచారణలో తేల్చారు. కాలనీ మొగలో చనిపోయినవాళ్ళ పేర్లతో రాయి నిలబెట్టారు. దాని మీద పదకొండు పేర్లే ఉన్నాయి. ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ చర్చిలో దీవెనమ్మ కూర్చున్న వరసలో కూర్చోరు. ఆమె ఆ రాయి పక్కనుంచే రోజూ పనికి రావాలి.

"ఆయన నిద్రపోయే మనిషి కాదు సారూ. ఇంట్లోనే నిద్రపోడు, గ్యాసు దగ్గర పోతాడా? పన్నెండో పేరు చెక్కిస్తే చాలు, ఇంకేం అడగను నేను."

డబ్బా మీద నల్ల మార్కర్‌తో 'కంట్రోల్ రూమ్' అని ఉంది. ఆ రాత యోహానుదే. ఫ్యాక్టరీ సామాను వేలానికి వచ్చినప్పుడు మస్తాన్ దాన్ని చూసి, అమ్మకుండా తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దగ్గర యోహాను చేతిరాత ఇంకెక్కడా లేదు.

భానోజీ వైర్లు తగిలించాడు. తెర మీద అక్షరాలు పడ్డాయి.

గ్యాస్ హెచ్చరిక. సైరన్ ఆఫ్.

మళ్ళీ హెచ్చరిక. సైరన్ ఆఫ్.

మూడోసారీ అంతే. ఆ తర్వాత ఏమీ లేదు.

దీవెనమ్మ తెరవైపు అలాగే చూస్తూ నిలబడింది. "అంటే ఏంటి సారూ?" అంది. "నిద్రపోలేదన్నమాట. మెలకువగా ఉండి ఆపాడా? అయ్యో దేవా! నిద్రపోయాడన్నా బావుండేదే!" అని నేల మీద కూలబడి నోరు బాదుకుంది. ఎంతమంది పట్టుకున్నా ఆగలేదు.

మస్తాన్ మొహం మాడిపోయింది. విప్పే ఆడవాళ్ళని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అక్కా, ఏడవమాక. ఇది బావ మిషన్ కాదు."

"రాత ఆయనదేగా!"

"డబ్బా ఆయనదే. లోపలిది కాదు. వేలం రోజు ఫ్యాక్టరీవి రెండొచ్చాయి, ఇదీ, మేనేజరు గదిదీ. బావది మాడిపోయింది. చచ్చిన సరుకు మనిషి చేతికివ్వం కదక్కా మనం? మేనేజరు గదిది బాగానే ఉంటే, దాని లోపలి సామాను తీసి ఇందులో బిగించి, ఫ్యాను తిరిగాక నీకిచ్చాను. మాడినదాని రాగి అమ్మేశా, రాయి ఏ గుంటలోనో పోయింది."

దీవెనమ్మ ఏడుపు ఆగింది. భానోజీ మాత్రం అక్కడున్న గోతాం మీద కూర్చుండిపోయాడు.

"మీరు అలా మారుస్తుంటారా?" అన్నాడు.

"మార్చకపోతే ఎట్టా సార్? రెండు చచ్చినవి కలిపి ఒకటి బతికిస్తాం. ఈ వీధిలో బతుకుతెరువే అది. సగం సరుకు అంతే."

"ఆ నలుగురి డబ్బాలూ?"

"ఏమో సార్. అవీ మన చేతుల్లోంచి పోయినవేగా."

చివరికి దీవెనమ్మే కొంగుతో మొహం తుడుచుకుని అంది: "అయితే పదండి సారూ, మళ్ళీ విచారణ చెయ్యమని అడిగి చెప్పేద్దాం. డబ్బా వేరు, లోపలిది వేరు అని. సైరన్ ఆపే వీలు ఆ గదిలోనూ ఉంది, ఆపింది మేనేజరని."

"అలా చెప్తే నా మిషన్ మాట ఇక ఎవరూ నమ్మరమ్మా. ఇది చదివింది కూడా చెల్లదు. మేనేజరు నవ్వుకుంటూ ఇంటికెళ్తాడు. మీ ఆయన మీద నింద అలాగే ఉండిపోతుంది."

"మరి ఆ నలుగురు?"

భానోజీ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఆమె లేచి వెళ్ళిపోయేది. చాలాసేపు ఆలోచించి, నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"డబ్బా మీద ఆ రాత లేదనుకోండి. ఇది మేనేజరు గదిదని మస్తాన్ చెప్తే చాలు. లోపలున్నది ఎలాగూ ఆ గదిదే, ఒక రకంగా అబద్ధం కూడా కాదు. మీ ఆయన మీది నింద పోతుంది. ఆ నలుగురి సంగతి నేను తర్వాత నెమ్మదిగా చూస్తాను."

ఆ 'నెమ్మదిగా' అన్న మాట ఎంత దూరం పోతుందో దీవెనమ్మకి తెలియదా? నలభై ఏళ్ళు దాటిన మనిషి. తెలిసే, షెడ్డు మూలనున్న థిన్నర్ సీసా తెచ్చింది. గుడ్డ ముంచింది. 'కంట్రోల్ రూమ్' అన్న ఆ రాతని మొదటి అక్షరం నుంచి చివరిదాకా తనే తుడిచింది. మస్తాన్ తుడుస్తానంటే ఇవ్వలేదు.

మస్తాన్ చెప్పింది నిజమా, లేక అక్క ఏడుపు చూడలేక అప్పటికప్పుడు కథ అల్లి చెప్పాడా? ఆమె ఎన్నడూ అడగలేదు.

విచారణ మళ్ళీ జరిగింది. మేనేజర్ని అరెస్టు చేశారు. కాలనీ వాళ్ళు చందాలేసుకుని శిల్పిని పిలిపించి, రాయి మీద పన్నెండో పేరు చెక్కించారు. చర్చిలో ఆమె పక్కన ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఒకామె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. దీవెనమ్మ కూడా ఏడ్చింది. తొమ్మిదేళ్ళ బరువు దిగిందని అందరూ అనుకున్నారు.

అంతటితో అయిపోతే ఎంత బావుండేది! విచారణలో ఆమె తొణక్కుండా మాట్లాడిన తీరు పెద్దలకి నచ్చింది. నింద మోసిన మనిషి, నిజం విలువ తెలిసిన మనిషి అన్నారు. ఇకమీదట వీధి నుంచి కోర్టుకి వెళ్ళే ప్రతి డబ్బా మీదా, ఇది విప్పి మార్చినది కాదని, దీవెనమ్మ సంతకం ఉండాలని ఉత్తర్వు వేశారు. కుర్చీ, బల్ల, చిన్న గది ఇచ్చారు. ఆమె కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు. అందుకని సంతకాలు పెట్టింది. నలుగురు కాస్తా ఏడాదిలో పదిహేడు మందయ్యారు. భానోజీకి ఊరూరా సన్మానాలు. నలుగురి సంగతి ఆయన ఇంకా నెమ్మదిగా చూస్తూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం గుడివాడ నుంచి ఒక పెద్దావిడ ఆ గదికి వచ్చింది. కూతురు రిజిస్ట్రారాఫీసులో టైపిస్టు. దొంగ దస్తావేజు టైపు చేసిందని మూడేళ్ళ శిక్ష పడింది.

"తల్లీ, మా పిల్ల డబ్బా నువ్వే చూశావంటగా?"

"చూశానమ్మా. సంతకం నాదే."

"నీ మొగుడి మీద కూడా లేనిపోని నింద పడిందని విన్నాను. నీకైతే నా బాధ తెలుస్తుందని ఇంత దూరం వచ్చాను. నిజం చెప్పు. అది మా పిల్ల మిషన్దేనా? ఎక్కడా పొరపాటు లేదుగా?"

దీవెనమ్మ బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టింది. ఆ డబ్బా ఎవరు విప్పారో, ఎవరు బిగించారో ఆమెకి తెలియదు. తెలియదని చెప్తే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు.

"లేదమ్మా. మిషన్ అబద్ధం చెప్పదు," అంది.

పెద్దావిడ సంచీ దగ్గరికి లాక్కుంది. "నెలనెలా జైలుకెళ్ళి చూసొస్తున్నాను. నేనెరగనమ్మా, నన్ను నమ్మమ్మా అని ఏడుస్తుంది. ఇన్నాళ్ళూ నమ్మాను," అంది. సంచీలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "అరిసెలు. దానికని చేశాను. నువ్వు తిను తల్లీ. ఇంక నేను అక్కడికి వెళ్ళను."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. దీవెనమ్మ ఆమెని వెనక్కి పిలవలేదు.