పదకొండో కామెంట్

పెరంబూరు స్టేషన్. ఉదయం 8:12.

లోకల్ ఆగింది. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో తెల్లచొక్కా మనిషి ఒకడు తన పెన్ను మొనను రైలెక్కబోతున్న ఏకాంబరం నడుముకు ఒక్క క్షణం ఆనించి, రైలెక్కి వెళ్ళిపోయాడు. ఏకాంబరం బెంచీ మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

తొమ్మిదింటికి మైలాపూరులో, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్ల దగ్గర హైందవి ఆగింది.

"మల్లెపూలు మూర ఎంత?" అన్నాడు వాచ్‌మన్.

"మాకు కనకాంబరాలే కావాలి."

తలుపు తెరుచుకుంది. పై అంతస్తులో నిఘా బ్యూరో చీఫ్ రాఘవయ్య ఫైలు ముందుకు తోశాడు.

"నీలాంబరి సిగ్నల్స్. లోకల్ రైళ్ళకు సిగ్నల్ బాక్సులు చేసే కంపెనీ. వాళ్ళ బ్లాగులో రెండు నెలలుగా ఎవడో పేరు లేకుండా విషం కక్కుతున్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి ఉందట. బయటి నుంచి కోడ్ పంపితే ఎర్రలైటు పచ్చగా మారుతుందట. కంపెనీని దెబ్బతీయడానికి ఆల్బట్రాస్ అనే విదేశీ ముఠా ఈ రాతలు రాయిస్తోంది."

"అని ఎవరన్నారు సార్?"

"సంయుక్త. కంపెనీ పీఆర్ హెడ్. అక్కడ మన ఏజెంట్ కూడా. ఆ రాతలు రాసిన టెక్నీషియన్ ఏకాంబరం పొద్దున పోయాడు. దొరికిపోతాడని ముఠా వాళ్ళే తీసేసి ఉంటారు. వాడి తోడుదొంగల్ని పట్టుకో. పన్నెండుకు ఆ సాఫ్ట్‌వేర్ అన్ని సిగ్నళ్ళకూ వెళ్తోంది. ఆలోగా."

"ఒకవేళ ఆయన రాసింది నిజమైతే?"

"పేరు చెప్పుకోలేనివాడి మాటకు విలువేంటమ్మా?"

సంయుక్త హైందవికి తెలుసు. ఖరీదైన పట్టుచీర, ముత్యాల గొలుసు. ఈ గదిలోనే నాలుగుసార్లు కలిశారు. నాలుగుసార్లూ హైందవిని కొత్తగా పరిచయం చేయాల్సి వచ్చింది.

ఏకాంబరం ఇల్లు ఒకటే గది. భార్య రాజలక్ష్మి ఏడవడం లేదు. పోలీసులు తెచ్చిచ్చిన ఫోన్ ఆమె ఒళ్ళో ఉంది.

"ఈడ కూర్చో మా. మేనేజరుకు చెప్తే నోరు మూసుకోమన్నాడు. అందుకే పేరు లేకుండా రాసినాడు. పదిసార్లు. పదీ తీసేసినారు. నిన్న పదకొండోది రాస్తే జవాబొచ్చింది. ఎంత మర్యాదగా ఉందో చూడు రాజీ అని నాకు చదివి వినిపించినాడు. పిచ్చోడు."

హైందవి ఫోన్ తీసుకుంది. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ సూచన మాకెంతో విలువైనది. దయచేసి మీ పేరు, ఫోన్ నంబరు పంపండి. స్వయంగా కలుస్తాం.'

దాని కింద ఏకాంబరం తన పూర్తి పేరు రాశాడు. ఫోన్ నంబరు ఇచ్చాడు. రోజూ ఎక్కే రైలు టైము కూడా రాశాడు.

"ఆయన అబద్ధం రాయలేదు కదా మా?"

"లేదక్కా."

"అది ఆడ ఎవరికైనా చెప్పు. చాలు."

వీధిలోకి రాగానే చీఫ్‌కు ఫోన్ చేసింది. ఆయన విసుక్కున్నాడు. "ఆ జవాబు ప్రతి కంపెనీ ఇచ్చేదే. అదొక ఆధారమా?"

10:20. హైందవి బ్లాగు తెరిచింది. 'ఏకాంబరం రాసింది నిజం. టెస్ట్ రిపోర్టు నా దగ్గరుంది' అని కామెంట్ పెట్టింది. మూడు నిమిషాల్లో అదే జవాబు, అక్షరం మారకుండా. ఆమె ఒక మగ పేరు కల్పించి పంపింది: కన్నియప్పన్. వెంటనే చిరునామా వచ్చింది. టి. నగర్, చీరల షాపు, రెండో అంతస్తు, 11:40.

వాళ్ళు మగవాణ్ణి వెతుకుతారు. హైందవి షాపు సూపర్‌వైజర్‌కు బ్యూరో కార్డు చూపించి, యూనిఫాం చీర కట్టుకుని, కౌంటర్ వెనక నిలబడింది. చీర పిన్నులో మైకు.

11:43. సంయుక్త వచ్చింది. పక్కన తెల్లచొక్కా మనిషి, జేబులో పెన్ను.

"మేడమ్, పట్టులో చూపించనా?"

సంయుక్త తలెత్తకుండానే చెయ్యి విదిలించింది. హైందవి చీరలు మడతపెట్టసాగింది.

"వాడు ఇంకా రాలేదే," అన్నాడు తెల్లచొక్కా.

"వస్తాడు. మర్యాదగా పిలిస్తే అందరూ వస్తారు, పాపం. ఏకాంబరం తన రైలు టైము కూడా చెప్పలేదా? పన్నెండుకు సాఫ్ట్‌వేర్ పోతుంది. పన్నెండున్నరకు ఆల్బట్రాస్ కోడ్ పంపుతుంది. అప్పుడు రెండు రైళ్ళు ఎదురెదురుగా. ఆ తర్వాత ఎవడేం రాసుకుంటే మనకేం?"

చాలు. హైందవి ఆరు గజాల కంచిపట్టును తెల్లచొక్కా తల మీదుగా విసిరి గట్టిగా లాగింది. పెన్ను జారి పడింది. కాలితో దూరంగా తన్నింది. ముందే చెప్పి ఉంచిన షాపు సెక్యూరిటీ వాళ్ళు అతని మీద పడ్డారు. మెట్లవైపు పరిగెత్తబోయిన సంయుక్త చెయ్యి హైందవి పట్టులో చిక్కింది.

"ఎవర్నువ్వు?"

"నన్ను మీకు నాలుగుసార్లు పరిచయం చేశారు మేడమ్."

11:57. చీఫ్‌కు ఫోన్ చేసింది. "సార్, సాఫ్ట్‌వేర్ ఆపించండి."

"ఆధారం?"

"ఈసారి పేరున్న మనిషి గొంతే." రికార్డింగ్ పెట్టింది. 11:58. రికార్డింగ్ 'రెండు రైళ్ళు ఎదురెదురుగా' దగ్గరికొచ్చింది. 11:59. ఇంకో ఫోన్‌లో ఆయన అరవడం మొదలుపెట్టాడు. కంపెనీ సర్వర్ రూమ్‌లో ఎవరో 'క్యాన్సిల్' నొక్కేసరికి నాలుగు సెకన్లు మిగిలాయి.

పన్నెండున్నరకు లోకల్ రైళ్ళు ఎప్పటిలా నడిచాయి. జనం ఎప్పటిలా తోసుకున్నారు.

వారం తర్వాత హైందవి చీఫ్ ముందు నిలబడింది. "సార్, ఏకాంబరం రాసింది నిజమని కంపెనీ ఎక్కడైనా ఒక్క మాట చెబుతుందా? ఆయన భార్య అడుగుతోంది."

"కుదరదమ్మా. షేర్ ధర పడిపోతుంది." రాఘవయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అయినా కంపెనీ ఊరుకోలేదు. భద్రత కోసం గట్టి చర్యే తీసుకుంది."

"ఏం చేశారు?"

"బ్లాగులో కామెంట్లు రాసే వీలే తీసేశారు."