మూడో మలుపులో మసి

రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. ఘాట్ రోడ్డు మూడో మలుపులో ఇంజన్లు ఆగిపోయాయి. అక్కడే ఎదురు కొండ మీంచి ఇద్దరినీ కాల్చేశారు.

"మూడో కారు ఇప్పుడే బయల్దేరింది," అన్నాడు చీఫ్. "మధ్యాహ్నానికి సరిహద్దు మూసేస్తారు, వేరే దారి లేదు. వెనక సీట్లో మన సాక్షి, ప్రొఫెసర్. ముఠా పేర్లన్నీ ఆయనకే తెలుసు. నడిపేది..."

"మా చెల్లెలు," అన్నాడు ఏజెంట్. అప్పటికే తలుపు దాకా వెళ్లాడు.

పది నిమిషాల్లో మెకానిక్ వేషంలో డిపార్ట్‌మెంట్ గ్యారేజ్‌లో ఉన్నాడు. వేషమన్న మాటే గానీ, ఈ ఉద్యోగానికి ముందు పన్నెండేళ్లు చేసిన పనే అది. చనిపోయిన డ్రైవర్లలో ఒకడి కారులో స్పార్క్ ప్లగ్ ఊడదీసి, ఆ రంధ్రంలోకి పెన్ కెమెరా దించాడు. అడుగంటిన గిన్నెలా ఉన్నాయి వాల్వులు. ఇంత కార్బన్ పేరుకుంటే ఇంజన్‌కి గాలి అందదు. చదును మీద బండి బుద్ధిగానే పోతుంది. చప్పుడు కాకుండా టాప్ గేర్‌లోనే పోవాలని డిపార్ట్‌మెంట్ రూలు ఉంది కదా, ఎత్తు ఎక్కుతూ ఆ రూలు పాటించారో, ఇంజన్ ఆగి ప్రాణం తీస్తుంది. పాపం, ఇద్దరూ పాటించారు.

"ఏం వెతుకుతున్నావ్?"

గ్యారేజ్ ఇన్‌చార్జి. పట్టు స్కార్ఫ్, కళ్లు తిప్పుకోనివ్వని అందం. అందరూ ముద్దుగా వజ్రం అంటారు.

"మూడు కార్ల వాల్వులూ నేనే కడిగాను, నా చేతులతో. ఆ మూడోదైతే నిన్ననే."

అతను చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గులాబీ రంగు గోళ్లు తళతళలాడుతున్నాయి.

"ఎవరి చెవిలో పువ్వులు పెడతారు మేడమ్? కార్బన్ కడిగితే గోళ్ల సందుల్లో నలుపు వారమైనా వదలదు."

ఆమె నవ్వింది. "నెలరోజులుగా పెట్రోల్లో పాత ఇంజనాయిల్ కలుపుతున్నాను. ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఈపాటికి కొండ ఎక్కుతూ ఉంటుంది."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ పైకి లేచింది. అతని చేతిలోని స్పానర్ అంతకన్నా ముందే లేచింది. పిస్టల్ ఎగిరిపడింది, చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన గార్డులు ఆమెను పట్టుకున్నారు. అతను వైర్‌లెస్ అందుకున్నాడు.

"అన్నయ్యా, బండి దగ్గుతోంది. రెండో మలుపు దాటాను."

"ఆపకు! సెకండ్ గేర్ వెయ్యి. యాక్సిలరేటర్ నేలకు తొక్కు!"

"చప్పుడు కొండంతా వినపడుతుంది. రూలు..."

"రూలు గంగలో దూకనీ! తొక్కవే!"

ఇంజన్ గగ్గోలు పెట్టింది. లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమని మోత. తర్వాత తుపాకీ పేలిన శబ్దం. ఆ వెంటనే వైర్‌లెస్ మూగబోయింది.

అమ్మకు ఏమని చెప్పాలి? మనసులో ఇంకేమీ లేదు.

వైర్‌లెస్‌లో ఎవరో దగ్గారు.

"అన్నయ్యా... గుండు డిక్కీకి తగిలింది. ప్రొఫెసర్ గారికి ఏం కాలేదు. మలుపు దాటేశాం. బాబోయ్, ఏం నల్లటి పొగ! వెనక ఏమీ కనపడట్లేదు."

"ఆ కాల్చినవాడికీ కనపడలేదులే," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "సరిహద్దు దాకా ఆపకు. పొగ ఎక్కువైందని చలానా రాసేవాడు అడ్డొచ్చినా సరే."